మీ ప్రశ్నలు, మా జవాబులు: అనేక సంఘాల ఉమ్మడి కళాశాలలో పరిచర్య చదువు

వేర్వేరు ప్రొటెస్టంటు సంఘాలు కలిసి నడిపే వేదాంత కళాశాలల గురించి కిందటి సంచికలో చిన్న పరిచయం రాశాము. దానికి ఊహించిన దానికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగిన వాటిని కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాము. ఉత్తరం రాసిన వారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మూడు తరాలుగా బాప్తిస్టు సంఘస్థులం. మా అబ్బాయి బి.ఎస్సీ. పూర్తి చేసి రెండేళ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాడు. ఇప్పుడు తనకు దేవుని పిలుపు ఉందని, హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో బి.డి. (పాస్టరు పనికి సిద్ధపరిచే వేదాంత పట్టా) చదువుతానని పట్టుబడుతున్నాడు. అక్కడ లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు, మెథడిస్టులు అందరూ కలిసి చదువుతారట. నాలుగేళ్ల తరువాత మావాడు బాప్తిస్టుగానే తిరిగి వస్తాడా అని మా సంఘ పెద్దలు అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ భయం ఉంది. (ఒక తండ్రి, ప్రకాశం జిల్లా)

జవాబు: మీ భయం న్యాయమైనదే. కాని మీ అబ్బాయి రేపు పాస్టరుగా నిలబడబోయే సంఘం మీ తాతగారి కాలం నాటి సంఘం కాదు కనుక, ఆ కళాశాల ఎందుకు పుట్టిందో ముందు చెప్పనివ్వండి.

మన తెలుగు నేలమీద ప్రొటెస్టంటు సంఘాలు సిద్ధాంతాన్ని బట్టి ఎంత విడిపోయాయో, జిల్లాలను బట్టి అంతకంటె ఎక్కువ విడిపోయాయి. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీలు అడుగుపెట్టినది మొదలు, వచ్చిన ప్రతి మిషను ఒక ప్రాంతాన్ని తన క్షేత్రంగా చేసుకుంది. 1842లో హేయర్ దొరగారు గుంటూరు చేరితే ఆ ప్రాంతం లూథరన్లదయింది. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్తిస్టులవి, కాకినాడ నుండి ఉత్తరాన శ్రీకాకుళం వరకు కెనడా బాప్తిస్టులవి, మచిలీపట్నం పరిసరాలు ఆంగ్లికన్లవి, కడప, గుత్తి ప్రాంతాలు లండన్ మిషనువి, మెదక్ వెస్లియన్ మెథడిస్టులవి. ఒకరి పొలంలో మరొకరు విత్తనం చల్లకూడదన్న మాట పుచ్చుకుని పనిచేశారు. అందువల్ల మన ముత్తాతలలో చాలామంది పసిపిల్లల బాప్తిస్మం మీద (లూథరన్లు ఇస్తారు, బాప్తిస్టులు ఇవ్వరు) వాదోపవాదాలు విని బాప్తిస్టులో లూథరన్లో అయినవారు కారు. ఏ ఊళ్లో పుట్టారో ఆ ఊరి మిషను సంఘంలో చేరినవారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మీ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఉంటారు. ఆ కుటుంబాలే నదికి మరోవైపున, ఇంకో మిషను క్షేత్రంలో ఉండి ఉంటే ఈనాడు వారి మనుమలు మరో సంఘపు కీర్తనల పుస్తకం పట్టుకుని ఉండేవారు.

ఆ కాలంలో లూథరన్లు రాజమండ్రి లూథర్‌గిరిలోను, అమెరికన్ బాప్తిస్టులు రామాయపట్నంలోను, దక్షిణ ఇండియా సంఘం వారు దోర్నకల్‌లోను ఎవరి సేవకులకు వారు శిక్షణ ఇచ్చుకునేవారు. 1964లో ఈ సంఘాలు కలిసి రాజమండ్రిలో ఉమ్మడి కళాశాలను ఆరంభించాయి. 1973లో అది హైదరాబాదుకు తరలి, గాంధీనగర్ దగ్గర దిగువ ట్యాంక్‌బండ్ రోడ్డులో స్థిరపడింది. ఇది సంఘాల విలీనం కాదని గమనించండి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు బాప్తిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు, ఇప్పటికీ చేరలేదు. సంఘాలు వేరుగానే ఉంటూ, తమ పిల్లలను మాత్రం ఒకే తరగతి గదిలో కూర్చోబెట్టుకున్నాయి.

నేను గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబం నుండి ఇటువంటి ఉమ్మడి చదువుకే వెళ్లాను. హాస్టలు గదిలో నాతో ఉన్న అబ్బాయి మీ ప్రాంతపు బాప్తిస్టే. చేరిన రెండో వారంలో, మంచం మీద కూర్చుని దుప్పటి మడత పెడుతూ, ఏ ఎగతాళీ లేకుండా నన్ను ఒక మాట అడిగాడు: "అన్నా, నీకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు నీకు నలభై రోజులు గదా, అప్పుడు నువ్వేం నమ్మావు?" నా దగ్గర జవాబు లేదు. మా నాన్న చెప్పింది, మా అయ్యగారు చెప్పింది తప్ప నాదంటూ ఏమీ లేదు. ఆ ప్రశ్న కోసమే నేను మొట్టమొదటిసారి గ్రంథాలయానికి వెళ్లి, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను మొదటి నుండి చివరి దాకా చదివాను. మనిషి నమ్మకం కంటె దేవుని వాగ్దానమే ముందు వస్తుందని మా సంఘం ఎందుకు అంటుందో ఒక బాప్తిస్టు అడిగితేనే నాకు తెలిసింది. ఆ అబ్బాయి అడగకపోయి ఉంటే, నేను ముప్పై ఏళ్లపాటు పసిపిల్లల తలల మీద నీళ్లు పోస్తూ, ఎందుకు పోస్తున్నానో తెలియకుండానే రిటైరయ్యేవాణ్ణి.

అతని విషయమూ చెప్పాలి. మూడో ఏట ఆదివారపు పరిచర్యకు అతన్ని ఒక సి.ఎస్.ఐ. పాస్టరేటుకు పంపారు. ఒక ఆదివారం అక్కడి అయ్యగారు పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తూ నీళ్ల గిన్నె పట్టుకోమన్నారట. అతడు ఒక్క క్షణం ఆగి, పట్టుకున్నాడు. అంతకు ముందు ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆమె. రాత్రి గదికి వచ్చి, "నా అభిప్రాయం మారలేదన్నా, కాని ఆ తల్లి ముఖం చూశాక, మీవాళ్లది ఉత్త ఆచారం అని ఇక మీదట అనను" అన్నాడు. ఈనాటికీ అతడు బాప్తిస్టు పాస్టరే. విశ్వసించి అడిగినవారికే, కాలువలో నడుము లోతు నీళ్లలో నిలబడి ముంచి బాప్తిస్మం ఇస్తాడు. మీ పెద్దలకు ఈ మాట చెప్పండి.

ఇంకొక సంగతి. మీ ఊరి కుటుంబాలు ఎన్ని హైదరాబాదులో స్థిరపడ్డాయో లెక్కపెట్టి చూడండి. కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో ఏ గుడికి వెళ్లినా, ఒకే బల్ల మీద గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్తిస్టు, మెదక్ సి.ఎస్.ఐ. పక్కపక్కనే కూర్చుంటున్నారు. పెళ్లిళ్లు కలిశాయి. కోడలు ఒక సంఘం, అల్లుడు ఒక సంఘం. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలా, ప్రతిష్ఠ ప్రార్థన చేయించి ఊరుకోవాలా అని ఆ యువ దంపతులు అడిగినప్పుడు, రెండు సంఘాల మనసూ తెలిసిన పాస్టరు కావాలి. మిషన్లు గీసిన ఆ పాత గీతలు చెరిగిపోయాయి. సేవకుల శిక్షణ ఆ గీతల లోపలే జరగాలంటే ఎలా కుదురుతుంది?

ప్రశ్న: ఈ కళాశాలల వారు ఇచ్చే పట్టా నిజమైన విశ్వవిద్యాలయం పట్టాయేనా? ఎవరు ఇస్తారు? (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: పాఠం చెప్పేది కళాశాల, పట్టా ఇచ్చేది సెరంపూర్ సెనేట్. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న సెరంపూర్ ఆ రోజుల్లో డెన్మార్కు వారి స్థావరం. అక్కడ 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు కళాశాల స్థాపించారు. 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ దానికి పట్టాలిచ్చే అధికారాన్ని రాజశాసనంగా ఇచ్చాడు. తరువాత ఊరు ఇంగ్లీషు వారి చేతికి వచ్చినా ఆ శాసనం నిలిచింది. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. 1918లో బెంగాలు శాసనసభ చేసిన సెరంపూర్ కాలేజీ చట్టం ఆ అధికారాన్ని స్థిరపరిచి, పరీక్షలు, పాఠ్యక్రమం చూసుకునే సెనేటును ఏర్పరిచింది. అందులో పలు సంఘాల వారికి చోటు కల్పించింది. బెంగుళూరులో 1910 నుండి ఉన్న యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, పూణేలోని యూనియన్ బిబ్లికల్ సెమినరీ, మన హైదరాబాదు కళాశాల, ఇంకా దేశమంతటా ఎన్నో కళాశాలలు ఆ సెనేటుకు అనుబంధంగా ఉన్నాయి. కనుక ఒంగోలు పిల్లవాడూ మిజోరాం పిల్లవాడూ రాసేది ఒకే స్థాయి పరీక్ష.

మన భాషతో ఆ ఊరికి మరో బంధం కూడా ఉంది. 1814లోనే కేరీ గారి తెలుగు వ్యాకరణం సెరంపూర్ అచ్చుకూటంలో అచ్చయింది.

అయితే పట్టా వేరు, అభిషేకం వేరు. ఎంతమంది తల్లిదండ్రులకు చెప్పినా ఈ భేదం బోధపడటం లేదు. బి.డి. పూర్తి చేసినంత మాత్రాన ఎవరూ పాస్టరు కారు. కళాశాల "ఇతడు చదివాడు" అని చెబుతుంది. "ఇతడు మాకు కాపరి" అని చెప్పవలసినది సంఘమే. సి.ఎస్.ఐ.లో అయితే డయోసిస్ (ఒక ప్రాంతపు సంఘాల మండలం) అధ్యక్షులు, అంటే బిషప్పు గారు, ముందు డీకనుగా (సహాయ సేవకుడిగా), తరువాత ప్రెస్బిటరుగా (పూర్తి పాస్టరుగా) చేతులుంచి అభిషేకిస్తారు. బాప్తిస్టులలో స్థానిక సంఘమే పిలుస్తుంది. ఈ ఉమ్మడి కళాశాలలు సంఘాల అధికారాన్ని ఏ మాత్రం తీసుకోలేదు కనుకనే ఇన్నాళ్లు నిలిచాయని నా నమ్మకం.

ప్రశ్న: నాలుగేళ్లు ఏం చెబుతారు? గ్రీకు, హీబ్రూ నేర్పుతారట. మా మెదక్ జిల్లా పల్లెలో మందిరానికి వచ్చేవారు రోజు కూలీలు. వారికి గ్రీకు ఎందుకు? బైబిలు తెలుగులో ఉన్నది గదా. (డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగినట్లే నేనూ అడిగాను. జవాబు తరగతిలో దొరికింది.

హీబ్రూ మొదటి నెలలో కుడి నుండి ఎడమకు అక్షరాలు దిద్దించారు. పెద్దవాళ్లమై మళ్లీ పలక పట్టినట్లుండేది. రెండో ఏట ఒక ఉదయం మా ఉపాధ్యాయుడు బల్లమీద "హెసెద్" అనే మాట రాసి, తెలుగు బైబిళ్లు తెరవమన్నారు. ముందుగా నూట ముప్పై ఆరవ కీర్తన. ప్రతి వచనం చివర వచ్చే "కృప" అనే మాట కింద గీత గీయమన్నారు. తరువాత రూతు గ్రంథం మొదటి అధ్యాయం: నయోమి తన కోడళ్లను దీవిస్తూ అన్న "దయ" అనే మాట కింద గీత. తరువాత హోషేయ ఆరవ అధ్యాయం: బలికి బదులుగా దేవుడు కోరిన "కనికరము" కింద గీత. మూడు చోట్లా హీబ్రూలో ఉన్నది అదే మాట, హెసెద్. దేవుడు ఇశ్రాయేలుకు చూపిన కృప, ఒక పేద విధవ తన అత్తకు చూపిన దయ, బలిపీఠం కంటె దేవునికి ఇష్టమైన కనికరము, ఈ మూడూ ఒక్కటేనని ఆ ఉదయం నాకు తెలిసింది. అనువాదకులు తప్పు చేశారని కాదు. ఒక్క తెలుగు మాటలో ఆ బరువంతా ఇమడదు. నీ పల్లెలో కూలికి వెళ్లి వచ్చి, మంచాన పడిన అత్తకు అన్నం తినిపించి, ఆ తరువాత మందిరానికి వచ్చే కోడలు ఉంటుంది. "అమ్మా, నువ్వు చేసిన పనికీ దేవుడు చేసిన పనికీ బైబిల్లో ఒకే పేరు" అని ఆమెకు ధైర్యంగా చెప్పాలంటే, ఆ మాట నీకు తెలిసి ఉండాలి. ఆమెకు హీబ్రూ అక్కరలేదు, నీకు కావాలి.

ఇక తక్కిన చదువు. డిగ్రీ అయినవారికి సెనేటు పద్ధతిలో బి.డి. సాధారణంగా నాలుగేళ్లు. పాత నిబంధన, క్రొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం, సంఘ చరిత్ర, నీతిశాస్త్రం, ఇతర మతాల అధ్యయనం, ప్రసంగ కళ, పరామర్శ, సంఘ నిర్వహణ, ఇవన్నీ ఉంటాయి. శని, ఆదివారాల్లో ఏదో ఒక సంఘానికి పంపుతారు. మా రోజుల్లో మన సంఘానికి కాక వేరే సంఘానికి పంపడానికి ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకునేవారు. మొదటిసారి సంస్కార భోజనపు క్రమాన్ని చేతిలో పుస్తకం పట్టుకుని అనుసరించలేక తడబడిన బాప్తిస్టు విద్యార్థులనూ, పుస్తకం లేకుండా అరగంట ప్రార్థన చేయమంటే బిగుసుకుపోయిన సి.ఎస్.ఐ. విద్యార్థులనూ చూశాను. ఇద్దరికీ అది మేలే చేసింది.

ప్రసంగ తరగతి గురించి ఒక మాట. మాకు ప్రసంగం నేర్పిన అయ్యగారు, మాలో ఒకరు ప్రసంగించే రోజున, హాస్టల్లో వంట చేసే పెద్దమ్మను కూడా పిలిచి వెనుక బెంచీలో కూర్చోబెట్టేవారు. ప్రసంగం అయ్యాక మమ్మల్ని ఎవరినీ అడగకుండా ముందు ఆమె వైపు తిరిగి, "అమ్మా, అబ్బాయి ఏం చెప్పాడు?" అని అడిగేవారు. ఆమె రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ప్రసంగం నిలబడినట్టు. ఒకసారి మంచి ఇంగ్లీషు పుస్తకాల నుండి ఎత్తిరాసి చెప్పిన ప్రసంగానికి ఆమె చాలాసేపు ఆలోచించి, "గొంతు బాగుందయ్యా" అంది. ఆ తరగతిలో ఎవరమూ నవ్వలేదు.

కులం సంగతి కూడా దాచకుండా చెబుతాను. తెలుగు క్రైస్తవులలో అత్యధికులు దళిత కుటుంబాల వారు. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ గారు చేసిన ఉపన్యాసం తరువాత దళిత వేదాంతం ఈ కళాశాలల్లో ఒక పాఠ్యాంశంగా స్థిరపడింది. మన సంఘ భేదాలు కొన్ని నిజానికి సంఘం పేరు పెట్టుకున్న కుల భేదాలేనని ఒప్పుకోవడానికి ఉమ్మడి హాస్టలంత మంచి చోటు లేదు. ఒకే కుండలోని అన్నం తింటూ, ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తూ నాలుగేళ్లు గడిపినవాడికి, తన ఊరికి వెళ్లి ఫలానా పేటవారు వేరే గుడి కట్టుకోండి అని చెప్పడానికి నోరు రాదు. రాకూడదు. అలా చెప్పినవారు లేరని కాదు. ఉన్నారు, అది నాకు ఈనాటికీ దుఃఖమే.

భాష గురించి కూడా నీవు ఆలోచించుకోవాలి. బి.డి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. మదురై అరసరడిలో 1969లో మొదలైన తమిళనాడు థియొలాజికల్ సెమినరీ వారు తమిళంలోనే బి.డి. చెప్పే దారి వేశారు. తెలుగులో ఆ స్థాయి పుస్తకాలు రాయవలసిన బాధ్యత మా తరం సరిగా నెరవేర్చలేదు. నీవు చదివితే, చదివినదాన్ని తెలుగులో రాయి.

ప్రశ్న: నేను ఎం.ఏ. చదివిన స్త్రీని. బి.డి. చదవాలని ఉంది. మా సంఘంలో స్త్రీలకు అభిషేకం లేదు. చదివి ఏం చేస్తావని ఇంట్లో అడుగుతున్నారు. (తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: అమ్మా, కళాశాల ప్రవేశానికి మీరు స్త్రీ కావడం అడ్డు కాదు. పురుషులు చదివే పాఠాలే చదువుతారు, అదే పరీక్ష రాస్తారు, అదే పట్టా పొందుతారు. అభిషేకం మాత్రం సంఘాన్ని బట్టి ఉంటుంది. దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీలు ప్రెస్బిటర్లుగా ఉన్నారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత గారు అధ్యక్షురాలయ్యారు, ఆ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. కొన్ని సంఘాలు ఇంకా అంత దూరం రాలేదు.

మీ ఇంట్లోవారి ప్రశ్నకు నేను తేలిక జవాబు ఇవ్వను. చదివి వచ్చిన తరువాత మీ సంఘం మిమ్మల్ని ఆదివారపు బడికి, స్త్రీల సమాజానికి మాత్రమే పరిమితం చేయవచ్చు. ఆ బాధ పడినవారిని నేను ఎరుగుదును. వేదాంత కళాశాలల్లో బోధన, ఆసుపత్రులలో పరామర్శ పరిచర్య, అనువాదం, బైబిలు సంఘాల పని వంటి దారులు కూడా తెరిచి ఉన్నాయి. ఒక మాట గుర్తు చేస్తాను. మన పల్లెలలో గడప లోపలికి సువార్త తీసుకువెళ్లినవారు చాలావరకు బైబిలు స్త్రీలు. చేతి సంచిలో మత్తయి సువార్త పెట్టుకుని ఎండలో మైళ్లు నడిచిన ఆ తల్లులకు ఏ సంఘమూ అభిషేకం ఇవ్వలేదు. వారు చేసినది పరిచర్య కాదని మాత్రం ఎవరూ అనలేరు. మీరు చదవండి, ఉమ్మడి కళాశాలలోనే చదవండి. స్త్రీని బలిపీఠం దగ్గర చూడటానికి అలవాటుపడిన సంఘపు విద్యార్థుల పక్కన, ఎన్నడూ చూడని సంఘపు విద్యార్థులు కూర్చుని చదివినప్పుడే మీ సంఘంలో రేపటి పెద్దల మనసు మారుతుంది.

ప్రశ్న: మా డయోసిస్ నుండి సిఫారసు పత్రం రాకుండా కళాశాల దరఖాస్తు తీసుకోదంటున్నారు. ఆరు నెలలుగా కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాను. ఇది అవసరమా?

జవాబు: అవసరమే. చదువు అయ్యాక మిమ్మల్ని తీసుకోవలసినది సంఘం కనుక, ముందుగా సంఘమే మిమ్మల్ని పంపాలి. మీ జీవితం ఎరిగినవారి సాక్ష్యం లేకుండా కేవలం మార్కులు చూసి చేర్చుకుంటే అది పరిచర్య శిక్షణ అనిపించుకోదు. సంఘం పంపని స్వతంత్ర అభ్యర్థులను తీసుకునే కళాశాలలూ ఉన్నాయి. కాని వారికి తరువాత చోటు దొరకడం కష్టం.

ఆలస్యం మాత్రం తప్పే. నా కాగితం కూడా ఒక కార్యాలయంలో బీరువా మీద దుమ్ము పట్టి ఒక విద్యాసంవత్సరం పోయింది. అది ఎవరి సంతకం కోసం ఆగిందో నాకు తెలుసు, ఎందుకు ఆగిందో కూడా తెలుసు, పేరు చెప్పను. మీరు ఎవరికీ ఏమీ ఇవ్వకండి. మీ స్థానిక సంఘ కమిటీ తీర్మానం రాయించి, దాని నకలు మీ దగ్గర ఉంచుకుని, అధ్యక్షులను నేరుగా కలవండి. పిలుపు పొందినవాడు మొదటి మెట్టు మీదే లంచం ఇస్తే, తరువాత ఏ ముఖంతో ప్రసంగిస్తాడు?

ప్రశ్న: వందనాలు అన్నయ్యా. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా తెలుగు సంఘంలో వాక్యం చెబుతుంటాను. ఇక్కడి సెమినరీలలో ఎం.డివ్. చదవాలని ఉంది. ఫుల్లర్ వంటి అనేక సంఘాల సెమినరీ మేలా, ఒకే సంఘానిది మేలా?

జవాబు: అమెరికాలో ఎం.డివ్. అంటే డిగ్రీ తరువాత చదివే పరిచర్య పట్టా. పూర్తి సమయం చదివితే సుమారు మూడేళ్లు; ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. మన బి.డి.కి అది దగ్గరి చుట్టం; అక్కడ కూడా పూర్వం దానిని బి.డి. అనే పిలిచేవారు. నీవు చెప్పిన ఫుల్లర్ సెమినరీని 1947లో రేడియో సువార్తికుడు చార్లెస్ ఫుల్లర్ కాలిఫోర్నియాలోని పాసడీనాలో స్థాపించారు. అది ఏ ఒక్క సంఘానికీ చెందదు. ఎన్నో సంఘాల విద్యార్థులు అక్కడ చదువుతారు. 1965లో అక్కడ మిషను అధ్యయన శాఖను ఆరంభించిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ మన దేశంలోనే, దమోహ్‌లో పుట్టినవాడు. భారతదేశపు పల్లెల్లో కుటుంబాలు, కులాలు గుంపులుగా క్రీస్తును అంగీకరించడం చూసి ఆయన ఏర్పరచుకున్న ఆలోచనలు అక్కడ పాఠాలయ్యాయి. ఆ ఆలోచనలతో నేను అన్నిచోట్లా ఏకీభవించను. ఒకే కులపు సంఘాలకు అవి సాకు అవుతాయన్నది నా భయం. కాని మన పల్లెల నుండి వచ్చినవాడివి కనుక నీవు వాటిని చదివి, నీ మాట నీవు చెప్పగలవు.

ఏ సెమినరీ అయినా ముందు అక్కడి వేదాంత పాఠశాలల సమాఖ్య గుర్తింపు ఉన్నదో లేదో చూసుకో. ఇంటర్నెట్‌లో డబ్బు కడితే వారంలో "డాక్టరు" చేసే సంస్థల జోలికి వెళ్లకు. మన తెలుగు సంఘాలలో ఆ పేరు ముందు పెట్టుకున్నవారు ఎక్కువవుతున్నారు, అది సంఘానికి గాయం.

ఏది మేలు అని అడిగావు. నీ తెలుగు సంఘంలో ఎవరెవరు ఉన్నారో చూడు. గుంటూరు, నెల్లూరు, కరీంనగర్, పెంతెకోస్తు, బ్రదరన్, ఎక్కడెక్కడి నుండో వచ్చి ఒక అద్దె హాలులో ఆరాధిస్తున్నారు. ఉమ్మడి సెమినరీ ఏ ఉద్దేశంతో పుట్టిందో, ఆ పరిస్థితి నీ సంఘంలో ఇప్పటికే ఉంది. కనుక నీకు అనేక సంఘాల సెమినరీయే తగినది. కాని ఒక షరతు: చేరేముందు నీ సొంత సంఘం ఏదో తేల్చుకో. ఇల్లు లేనివాడు పొరుగింటి వారితో స్నేహం చేయలేడు. ఆసుపత్రిలో రోగుల మధ్య చేసే పరామర్శ శిక్షణ అక్కడ ఉంటుంది. ఒక విడత పూర్తి చేయడానికి కనీసం 400 గంటలు పడుతుంది. ఉద్యోగం వల్ల కష్టమనిపించినా దాన్ని మాత్రం వదలకు. ప్రాణం పోతున్న మనిషి మంచం పక్కన మాట్లాడకుండా కూర్చోవడం పుస్తకాలతో రాదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పదవ తరగతి తరువాత చదువు సాగలేదు. ఖమ్మం జిల్లాలో ఒక స్వతంత్ర సంఘానికి ఇరవై ఏళ్లుగా పాస్టరుగా ఉన్నాను. ఇప్పుడు చదివి ప్రయోజనం ఉందా?

జవాబు: అన్నా, ఉంది. బి.డి. మీకు ఇప్పుడు సాధ్యం కాకపోవచ్చు. ఊరు వదిలి వెళ్లకుండానే, ఇంటి దగ్గర చదువుకుని రాసే క్రైస్తవ అధ్యయన కోర్సులు సెరంపూర్ సెనేటు ఆధ్వర్యంలోనే ఉన్నాయి. మీ అర్హతకు ఏది సరిపోతుందో దగ్గరలోని అనుబంధ కళాశాలకు వెళ్లి అడగండి. ఉత్తరం రాయడం కన్నా స్వయంగా వెళ్లడం మంచిది. వెళ్లినప్పుడు ఉదయపు ఆరాధనకు ముందే చేరుకోండి. వెనుక వరుసలో కూర్చుని వినండి. ఆ పూట లూథరన్ విద్యార్థి నడిపిస్తే ఒక విధంగా ఉంటుంది, బాప్తిస్టు నడిపిస్తే మరొక విధంగా ఉంటుంది. కాని పాట మాత్రం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుండే వస్తుంది, బహుశా పురుషోత్తమ చౌధురి గారి కీర్తనే అయి ఉంటుంది. ఆయన ఏ సంఘం వాడో అక్కడ ఎవరూ అడగరు. ఆ పాట మీకూ కంఠతా వచ్చు గనుక, గొంతు కలపండి. తరువాత ప్రిన్సిపాలు గారి గది ఎక్కడో ఎవరినైనా అడిగితే చూపిస్తారు.